కూర్చుండి చేయు ఆసనములు – గ్రామ పంచాయతీల బాధ్యత

(నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



యోగాసనములను గురించి మాట్లాడుమని నన్ను కోరినారు. కూర్చుండి చేయు ఆసనములను గురించి మాత్రమే మాట్లాడుదునని నేనే చెప్పితిని. అన్ని ఆసనములను ఒక గంటలో చెప్పబూనినచో ఏదియు చెప్పినట్లు కాదు. అదియునుగాక, మన ప్రాంతములో నేలమీద కూర్చుండుట అను చిన్న పనికే ఒక పెద్ద కథ యున్నది.

మన ప్రాంతము అనినప్పుడు నేను పాత జిల్లాలు రెండింటిని ఉద్దేశించుచున్నాను. 2016 అక్టోబరులో నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, మహబూబ్‌నగరునుండి నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. 2019 లో నారాయణపేట వేరైనది. కాగితముమీద జిల్లాలు వేరైనను క్రింది రాయి ఒక్కటే, చెలకలలోని ఎండ ఒక్కటే, సాయంకాలమునకు వచ్చు నడుము నొప్పి ఒక్కటే.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట జూన్ 21 వ తేదీన మునుగోడు ప్రాంతములో ఒక గ్రామమునకు పోయితిని. బడి ఆవరణలో జంపఖానాలు పరచినారు. పిల్లలు, యువకులు, కొందరు స్త్రీలు వచ్చినారు. గ్రామములో పెద్దమనిషిగా పేరున్న ఒక వృద్ధుడు వెనుక నిలుచుండగా, ఫొటోలో బాగుండునని ఆయనను ముందు వరుసకు పిలిచి కూర్చుండుమన్నాము. ఇద్దరు పట్టుకొని దింపిన తరువాత ఆయన కూర్చుండగలిగెను. కాళ్లు చాచి, వంగి, బొటనవ్రేళ్లు పట్టుకొనుడని శిక్షకుడు చెప్పెను. అందరును వంగినారు. ఆయన మాత్రము నాటిన రాయివలె నిలువుగా ఉండిపోయెను. పక్కనున్నవాడు వీపుమీద చేయివైచి మెల్లగా నొక్కబోగా ఆయన మెడ త్రిప్పలేక, ఒడలంతయు త్రిప్పి, “అయ్యా, వంగనిది నేను గాదు, నేను తాగిన నీళ్లు” అనెను. లేపుటకు ముగ్గురు కావలసి వచ్చెను. ఆయనను ముందుకు పిలిచినవారిలో నేనొకడను. ఆనాటినుండి ఈ ప్రాంతములో ఆసనములను గురించి మాట్లాడునప్పుడు మొదట నీటిని గురించి మాట్లాడుట నాకు అలవాటైనది. అయినను ఆసనము అననేమో రెండు మాటలు చెప్పి నీటికి వచ్చెదను.

ఆసనము అను మాటకు మొదటి అర్థము కూర్చుండుట, కూర్చుండు చోటు. తలక్రిందులుగా నిలుచుటయు, శరీరమును విల్లువలె వంచుటయు తరువాత వచ్చిన సంగతులు. పతంజలి ఆసనమునకు పెట్టిన నియమములు రెండే: అది కదలక నిలువవలెను, కూర్చున్నవానికి సుఖముగా ఉండవలెను. పదునైదవ శతాబ్దమునాటి హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు పదునైదు ఆసనములు చెప్పి, అందులో సిద్ధాసనము, పద్మాసనము, సింహాసనము, భద్రాసనము అను నాలుగింటిని ముఖ్యమైనవిగా ఎంచినాడు. నాలుగును కూర్చుండి చేయునవే.

ఇది చూచుటకు మనము పుస్తకములు తెరువనక్కరలేదు. కొలనుపాక జైన మందిరములో తీర్థంకరులు పద్మాసనములో కూర్చుండియున్నారు. యాదగిరిగుట్టమీద పంచ నారసింహులలో ఒకరు యోగానంద నరసింహుడు. యోగ నరసింహ శిల్పములలో మోకాళ్లచుట్టును ఒక పట్టీ కట్టబడియుండుటను మీరు చూచియే యుందురు. దానిని యోగపట్టమందురు. మోకాళ్లకు, నడుమునకు ఆధారమిచ్చి, ఎక్కువసేపు అలసట లేకుండ కూర్చుండనిచ్చునది అదియే. మన రచ్చకట్టమీద పెద్దలు తువ్వాలను నడుముచుట్టును, మోకాళ్లచుట్టును కట్టుకొని గంటలకొలది పంచాయతీ చెప్పెడివారు గదా! దేవుని శిల్పమునకు కూడ పట్టీ చెక్కిన శిల్పి మనకొక సంగతి చెప్పినాడు. ఆధారము తీసికొనుట అవమానము కాదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనితో పని పడును.

నేలమీద కూర్చుండుట మన బ్రతుకులో ఒక భాగముగా ఉండెడిది. అన్నము తినుట, రొట్టె చేయుట, బియ్యము చెరుగుట, పెండ్లి పీటలు, భజన, బడి అన్నియు నేలమీదనే. మఠము వేసికొనుట, గొంతుకూర్చుండుట, కాళ్లు చాచి కూర్చుండుట అను ఈ మూడింటిలోనే తుంటి, మోకాలు, చీలమండ దినమునకు పదిసారులు పూర్తిగా ముడుచుకొని తెరచుకొనుచుండెడివి. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ వచ్చినది, బల్ల వచ్చినది, మంచము ఎత్తైనది. కుర్చీని నేను నిందించుట లేదు. నేలమీదనుండి లేవలేని వృద్ధురాలికి కుర్చీయే దేవుడు. అయితే ముప్పది యేండ్ల యువకుడు పెండ్లి భోజనములో క్రింద కూర్చుండలేక బల్ల వెదకుట మనము చూచుచున్నాము. వాడని తాళమునకు తుప్పు పట్టినట్లు వాడని కీలు బిగుసుకొనును.

బ్రెజిల్ దేశములో వైద్యులు ఒక పరీక్ష పెట్టినారు. 51 నుండి 80 యేండ్ల వయస్సుగల 2,002 మందిని నేలమీద కూర్చుండి మరల లేవుమన్నారు. చేయి ఆనించినను, మోకాలు ఆనించినను ఒక్కొక మార్కు తగ్గించినారు. 2012 లో వెలువడిన ఆ ఫలితములనుబట్టి చూడగా, ఎవరి ఆధారమును లేక కూర్చుండి లేవగలిగినవారికంటె, లేవలేక పలుచోట్ల చేయి ఆనించినవారిలో తరువాతి యేండ్లలో మరణములు ఎక్కువ. కూర్చుండి లేచినందుననే ఆయుస్సు పెరుగునని దీని అర్థము కాదు. కండరముల బలము, కీళ్ల సడలింపు, తూకము ఈ మూడును ఆ ఒక్క పనిలో బయటపడునని మాత్రము అర్థము.

ఇక నీటి సంగతికి వచ్చెదను. మన దేశములో ఎముకలను బిగించు ఫ్లోరోసిస్ వ్యాధిని 1937 లో వైద్యులు మొదట వివరించినది నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి దేశమంతట తెలిసిన పేరైనది. నేల క్రిందనున్న నల్లరాయిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు బావి నీటిలో కరగును. బోరు లోతుకు పోయినకొలది నీరు రాతితో ఎక్కువకాలము కలిసియుండును. ఎండ ప్రాంతము కావున మనము త్రాగునదియు ఎక్కువ. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. కాచినచో పోవునని కొందరనుకొందురు. కాచినప్పుడు నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడునే గాని పోదు. బ్లీచింగు పొడి సూక్ష్మజీవులను చంపును, దీనిని తాకదు.

లీటరునకు ఒక మిల్లిగ్రాము వరకు ఉండవచ్చునని, వేరు నీరు దొరకనప్పుడు ఒకటిన్నర మిల్లిగ్రాముకంటె మించరాదని మన దేశ ప్రమాణము. అంతకు మించిన నీటిని యేండ్ల తరబడి త్రాగినవారిలో మొదట పండ్లమీద పసుపు, గోధుమ చారలు వచ్చును. తరువాత వెన్ను, మెడ, కీళ్లు నొప్పిపెట్టును. చివరకు ఎముకలను కట్టియుంచు నరములవంటి పట్టీలే సున్నమై గట్టిపడి, వెన్నెముక వెదురు బొంగువలె ఒకే ముక్క అగును. 1973 లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ ప్రాంతములో మోకాళ్లు లోపలికి ఒరిసికొనిపోయిన యువజనులను గురించి లోకమునకు తెలిపినారు. అట్టి మోకాళ్లతో పద్మాసనము వేయుమనుట ఎట్టి మాటయో మీరే ఆలోచింపుడు.

పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ వారు రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని మన జిల్లా పేరే పెట్టినారు. ఆఫ్రికా దేశములలో కూడ దానిని వాడినారు. మన ఊరి పేరు పుస్తకములకెక్కినందుకు సంతోషించుటో, ఎక్కిన కారణమునకు దుఃఖించుటో తెలియదు. 2016 ఆగస్టులో మిషన్ భగీరథ పథకము ప్రారంభమైన తరువాత గొట్టముల ద్వారా నది నీరు గ్రామములకు వచ్చుట ఆరంభమైనది. ఇది పెద్ద మార్పు. అయినను రెండు సంగతులు మరువరాదు. ఒకసారి గట్టిపడిన వెన్ను మంచి నీటితో మరల మెత్తబడదు. గొట్టము ఆగిన దినమున, లేదా బోరు నీటి రుచికే అలవాటుపడినందున, పాత బోరునకు పోవువారు ఎక్కడనైనను ఉండవచ్చును. ఆ బోరు త్రాగుటకు తగునో తగదో పరీక్ష చేయించి, బోరుమీదనే పెద్ద అక్షరములతో వ్రాయించుట పంచాయతీ పని.

ఇప్పుడు ఆసనములకును దీనికిని ఉన్న సంబంధము చెప్పెదను. ఫ్లోరోసిస్ అనుమానమును ఊరిలోనే గుర్తించుటకు మూడు చిన్న పరీక్షలు కలవు. 2008–09 లో ఆరంభమైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమములో వీనిని వాడుచున్నారు. మొదటిది, మోకాళ్లు వంచక నడుము వంచి నేలమీది నాణెమును తీయుట. రెండవది, గడ్డమును రొమ్మునకు ఆనించుట. మూడవది, చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తలవెనుక తాకుట. ఈ మూడును ఆసన శిక్షకుడు మొదటి దినమున చేయించు కదలికలే గదా! కావున ఏ ఊరిలోనైనను ఆసనములు ప్రారంభించు దినమున మొదట ఈ మూడును చేయించుడు. చేయలేనివాడు సోమరియు కాడు, అభ్యాసము చాలనివాడును కాడు. అతనిని నొక్కక, నవ్వక, పేరు వ్రాసికొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. నడుము వంగకపోవుటకు వేరు కారణములును ఉండవచ్చును. మూత్ర పరీక్ష, ఎక్స్‌రే చూచి వైద్యుడు నిర్ణయించును. ఆ వృద్ధునికి ఆనాడు మేము నాణెము పరీక్ష పెట్టియుండినచో ముందు వరుసకు పిలిచియుండెడివారము కాము.

గట్టిపడిన వెన్నును ఆసనములు సడలించునని ఎవరైనను చెప్పినచో నమ్మకుడు. ఫ్లోరోసిస్‌కు ఆసనము మందు కాదు. నీరు మార్చుట, పాలు, రాగులు, ఆకుకూరలవలన సున్నపు ధాతువు అందునట్లు చూచుకొనుట ముందు పనులు. వ్యాధి ముదరనివారికి నొప్పి పుట్టని మేరకు కదలిక మంచిదే. అదియు వైద్యుని అడిగి చేయవలెను.

మరి ఆరోగ్యవంతునకు ఆసనములు ఏమి మేలు చేయును? ఇక్కడ కూడ ఉన్నదానికంటె ఎక్కువ చెప్పరాదు. 1924 లో స్వామి కువలయానంద లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించి, ఆసనములు వేయువాని నాడిని, శ్వాసను యంత్రములతో కొలుచుట ప్రారంభించినాడు. నూరేండ్లనుండి ఆ కొలతలు సాగుచున్నవి. చాలకాలముగా నడుము నొప్పిగలవారిమీద జరిగిన పరీక్షలను 2017 లో ఒకచోట చేర్చి చూచినప్పుడు, ఏ వ్యాయామమును చేయనివారికంటె యోగాభ్యాసము చేసినవారికి మూడు నుండి ఆరు నెలలలో పని చేసికొను శక్తి కొంత మెరుగుపడినట్లు తేలినది. కొంత అనునదే సరియైన మాట. ఇతర వ్యాయామములకంటె ఇది మేలా అనినచో ఆ పరీక్షలనుబట్టి తేల్చి చెప్పుటకు వీలులేకపోయినది. అయినను ఇతర వ్యాయామములకు లేని సుగుణములు దీనికి రెండున్నవి. ఒక గొంగడియు, మనిషి పడుకొన్నంత చోటును చాలును. అరువది యేండ్లవాడును చేయవచ్చును. కూర్చుండి చేయు ఆసనములలో పడిపోవు భయము కూడ లేదు.

ఏ ఆసనము ఎవరికి తగును అను ప్రశ్న నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. పట్టణములో కుర్చీలో కూర్చున్నవానికొరకు వ్రాసిన పట్టికను తెచ్చి మన ఊరిలో అందరికిని చెప్పుచున్నారు. పోచంపల్లిలో, గద్వాలలో, నారాయణపేటలో గుంట మగ్గముమీద పనిచేయు నేతకాని చూడుడు. కాళ్లు గుంటలో, వీపు ముందుకు, చూపు పోగుమీద. ఉదయమునుండి సాయంకాలమువరకు అతడు వంగియే యుండును. అతనికి సాయంకాలము మరల ముందుకు వంగు పశ్చిమోత్తానాసనము చెప్పుట ఎంతవరకు న్యాయము? నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన స్త్రీకిని అంతే. వంగినవానికి నిటారు కావలెను.

కావున వీరికి మొదట దండాసనము. కాళ్లు జోడించి చాచి, అరచేతులు పిరుదుల పక్కన నేలకానించి, వెన్ను నిలిపి, చూపు ఎదుటికి సారించి కూర్చుండుటయే. చూచుటకు ఇందులో ఏమియు లేదనిపించును. చేసి చూచినచో మోకాలి వెనుక, తొడ వెనుక లాగును, రెండు నిమిషములకే వీపు ముందుకు కూలబడును. అట్లు కూలబడువారు పిరుదుల క్రింద గొంగడిని నాలుగు మడతలు పెట్టి ఎత్తు చేసికొనవలెను. కురుమలు నేసిన గొంగడికంటె మంచి ఆసనము నేను ఏ దుకాణములోను చూడలేదు. అది జారదు, చలువకు అడ్డు, అణగిపోదు. మోకాళ్లు కొంచెము వంగినను ఫరవాలేదు, వెన్ను మాత్రము నిలువవలెను.

తరువాత వక్రాసనము. దండాసనమునుండియే కుడి మోకాలు మడిచి పాదమును ఎడమ మోకాలి పక్కన నిలిపి, ఎడమ చేతితో ఆ మోకాలిని ఆపుకొని, కుడి చేయి వెనుక ఆనించి, శ్వాస విడుచుచు మెల్లగా కుడివైపునకు తిరుగవలెను. మరల ఎడమవైపు. మగ్గముమీద, నాగలివెంట, బండిమీద మనిషి ఎల్లప్పుడును ఎదుటికే చూచును; వెన్నును పక్కలకు త్రిప్పు అవకాశము అతనికి దినమంతయు రాదు. అందువలన ఈ ఆసనము మన పనులకు బాగుగా సరిపడునని నా అభిప్రాయము. తల త్రిప్పుట చివర. నడుము తిరుగకుండ మెడ మాత్రము త్రిప్పినవానికి మెడ నొప్పియే మిగులును.

మూడవది భద్రాసనము. రెండు అరికాళ్లను చేర్చి, మడమలను దగ్గరకు తెచ్చుకొని, మోకాళ్లను పక్కలకు వదలి కూర్చుండుట. మోకాళ్లు నేలను తాకవలెనని చేతులతో అదుమరాదు. మోకాళ్ల క్రింద మడతపెట్టిన గోనెసంచులు పెట్టుకొన్నచో తొడలు తామే సడలును. ఇందాక చెప్పిన యోగపట్టము ఇచ్చట పనికివచ్చును. తువ్వాలను నడుము వెనుకనుండి తెచ్చి పాదములచుట్టును కట్టుకొన్నచో వెన్ను నిలుచును.

పాలమూరునుండి మట్టి పనికి, కట్టడపు పనికి దూరదేశములు తిరిగివచ్చిన కూలీలకు, మోకు ముస్తాదులతో తాళ్లెక్కు గీత కార్మికులకు, కాళ్లలోను పిక్కలలోను అలసట యుండును. దండాసనములో కూర్చుండి పాదములను ముందుకు వెనుకకు వంచి, చీలమండలను త్రిప్పినను వారికి ఉపశమనము కలుగును. ఇక రోజంతయు ఫోను చూచుచు వంగి కూర్చుండు మన యువకులు! వారికిని నేతకానికి చెప్పినదే. అయితే నేతకాడు చీర నేయును.

భోజనానంతరము వజ్రాసనము వేయుట మంచిదని వాడుకగా చెప్పుదురు. మోకాళ్లు ముడిచి, మడమలమీద పిరుదులు ఆనించి కూర్చుండుట అది. అయిదు నిమిషములు మంచిదే. గంటలకొలది వద్దు. చాలసేపు అట్లే కూర్చున్న ఒక యువకునికి పాదము పైకెత్తు నరము నొక్కుకొనిపోయి పాదము వ్రేలాడినట్లు 1971 లోనే అమెరికాలో ఒక వైద్య పత్రిక ప్రకటించినది. కాలు తిమ్మిరెక్కిన వెంటనే లేవవలెను. మోకాళ్లు అరిగినవారికి, కీలువాపుగలవారికి వజ్రాసనము, పద్మాసనము రెండును తగవు. గర్భిణీలు కడుపు నొక్కుకొను మెలికలను, ముందుకు వంగుటలను మానవలెను. నడుమునుండి కాలిలోనికి దిగు నొప్పిగలవారు పశ్చిమోత్తానాసనము జోలికి పోరాదు. రక్తపోటుగలవారు శ్వాస బిగపట్టరాదు. వజ్రాసనము తప్ప మిగిలినవన్నియు భోజనమైన మూడు గంటల తరువాతనే. తీవ్రమైన నొప్పి పుట్టినచోట ఆగవలెను. శిక్షకుడు వీపుమీద చేయివేసి నొక్కుట మన గ్రామములలో పూర్తిగా మానుపించుడు. మనలో ఎవరి వెన్ను ఎట్టిదో చూచినంతమాత్రమున తెలియదు.

పద్మాసనము గురించి ఒక మాట. అది వచ్చినవాడే యోగి అనుకొని పిల్లలు పంతమునకు మోకాలు మెలిపెట్టుకొందురు. తుంటి తెరచుకొననప్పుడు ఆ మెలిక అంతయు మోకాలిమీద పడును. మామూలుగా మఠము వేసికొని కూర్చుండు సుఖాసనము దానికి ఏమాత్రమును తక్కువది కాదు. పతంజలి అడిగిన రెండును అందులో ఉన్నవి.

ఇక పంచాయతీలు ఏమి చేయవలెను? 2014 డిసెంబరు 11 వ తేదీన ఐక్యరాజ్య సమితి జూన్ 21 ని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించినది. 2015 నుండి ఆ దినము జరుగుచున్నది. మంచిదే. కాని ఒక దినము జంపఖానా పరచి, ఫొటో తీసి, జూన్ 22 న చుట్టిపెట్టినచో ఎవరి నడుమునకును ఏమియు కాదు. సంవత్సరమునకొక గంటకంటె వారమునకు మూడు దినములు ఇరువది నిమిషములు మేలు.

ఇందుకు పెద్ద వ్యయము అక్కరలేదు. చోటు ఉన్నది. 2022 నుండి గ్రామములలో క్రీడా ప్రాంగణములు ఏర్పడినవి, అంతకుముందే పల్లె ప్రకృతి వనములు నాటినారు. మహబూబ్‌నగరు దగ్గరి పిల్లలమర్రి నీడ అందరికిని దొరకదు గాని వేపచెట్టు లేని ఊరు లేదు. ఆ నీడలో ముండ్లు, గాజుపెంకులు ఏరించి, మట్టి చదును చేయించి, ప్రక్కన త్రాగునీటి కుండ పెట్టించుడు. గుడి ముందర పెట్టినచో కొందరు, మసీదు ముందర పెట్టినచో కొందరు, ఒక వాడలో పెట్టినచో మరియొక వాడవారు రారు. అందరును అడుగు పెట్టగల చోటు చూచుట సర్పంచు నేర్పు.

స్త్రీల సంగతి వేరుగా ఆలోచింపవలెను. ఉదయము ఆరు గంటలకు రండనినచో పురుషులు వత్తురు. స్త్రీలకు అప్పుడు వాకిలి, నీళ్లు, పొయ్యి, పిల్లల బడి. తరువాత చేను. వారు రాలేదని చెప్పి వారికి శ్రద్ధ లేదని వ్రాసికొన్న నివేదికలు నేను చూచితిని. మహిళా సంఘముల సమావేశములు ఎట్లును నేలమీదనే జరుగును. లెక్కలు విప్పుటకు ముందు పది నిమిషములు దండాసనము, వక్రాసనము, భద్రాసనము వేసినచో వేరు సమయము అక్కరలేదు, చీరతోనే చేయవచ్చును, చూచువారని సిగ్గును లేదు. వంగి నాట్లు వేయు ఆ నడుములకే ఇది ఎక్కువ అవసరము. నేర్పుటకు ఒక స్త్రీ ఉండుట మంచిది. సంఘములో ఒకరిద్దరు ముందుగా నేర్చుకొని మిగిలినవారికి చూపవచ్చును.

కూర్చుండలేనివారికి కుర్చీ వేయుడు. కుర్చీలోనే వెన్ను నిలిపి చేతులు చాచుట, నడుము మెల్లగా పక్కలకు త్రిప్పుట, పాదములు ఆడించుట చేయవచ్చును. కుర్చీలను వెనుక వరుసలో దాచక, అందరితోపాటు మధ్యనే వేయుడు.

నేను చెప్పిన వృద్ధుని ఊరికి మరుసటి యేట మరల పోయితిని. ఆయన తన పీట తానే తెచ్చుకొని వేపచెట్టు మొదట కూర్చుండి, పిల్లలు వక్రాసనము వేయుచుండగా చూచుచుండెను. ఒక పిల్లవాడు నాణెము తీయలేక మోకాళ్లు వంచినాడు. ఆయన వానిని దగ్గరకు పిలిచి, “నోరు తెరువుమురా, పండ్లు చూపుము” అనెను. పండ్లమీద చారలు కనబడినవి. ఆ ఇంటివారు ఇంకను పాత బోరు నీరే త్రాగుచున్నట్లు ఆ దినమున తెలిసినది. పిల్లవానిని ఆరోగ్య కేంద్రమునకు పంపినారు. పంచాయతీవారు ఆ వారములోనే బోరునకు ఎర్రరంగు వేయించి, ఆ వాడకు గొట్టపు నీరు సరిగా అందుటలేదని తెలిసికొని సరిచేయించినారు.

మీ ప్రశ్నలకు తరువాత జవాబు చెప్పుదును. ఇప్పుడు ఇష్టమైనవారు కుర్చీలు ప్రక్కకు జరిపి క్రిందికి రండు. గొంగళ్లు అచ్చట మూలనున్నవి. నాణెము నా దగ్గర ఉన్నది, ఒక్కొక్కరుగా వచ్చి తీయుడు. తరువాత దండాసనముతో ప్రారంభింతము. కూర్చుండుట కష్టమైనవారు కుర్చీలోనే ఉండుడు, నేను మీ దగ్గరకు వచ్చెదను.